మా ఇంట్లో ఎవరూ పడరు

మా అత్తగారు వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడి, "బియ్యం అయిపోయాయే అమ్మాయ్" అన్నారు. నా చేతిలో కాఫీ గ్లాసు అలాగే ఆగిపోయింది.

వినేవాళ్ళకి ఇందులో వింతేమీ కనపడదు. డబ్బాలో బియ్యం లేవు, లేవని చెప్పారు. కానీ ఆ ఇంట్లో కోడలిగా అడుగుపెట్టిన నాటి నుంచి ఆ మాట ఆవిడ నోట నేను వినలేదు. బియ్యం అయిపోవడం అనేది మా ఇంట్లో ఉండదు. మా ఇంట్లో బియ్యం నిండుకుంటాయి. దీపం ఆరదు, కొండెక్కుతుంది. పుస్తెల తాడు తెగదు, పెరుగుతుంది. బయటికి పోయేవాళ్ళు వెళ్తానని అనరు, వెళ్ళొస్తానంటారు.

నేను సైదాబాద్‌లో పుట్టి పెరిగినదాన్ని. మా పుట్టింట్లో పట్టింపులు అసలే లేవని కాదు గానీ, ఉన్నమాట ఉన్నట్టు అనేయడమే మాకు అలవాటు. మా అత్తగారిది గోదావరి వైపు. మామగారి ఉద్యోగం దిల్‌సుఖ్‌నగర్‌లో కావడంతో వచ్చి ఇక్కడే ఉండిపోయారు. నేను కాపురానికొచ్చిన కొత్తలో ఒక శుక్రవారం పొద్దున వంటింట్లోంచి గొంతెత్తి "అత్తమ్మా, నూనె ఒడిసింది" అన్నాను. ఆవిడకి ముందు మాట అర్థం కాలేదు. అయిపోయిందంటున్నానని అర్థమయ్యాక రెండు చెంపలూ వేసుకుని, దేవుడి గది వైపు ఒక దణ్ణం పెట్టి, తర్వాత నా వైపు తిరిగారు.

"మనం ఏ మాటంటే ఆ మాటకి తథాస్తు అనే దేవతలు పైన తిరుగుతూ ఉంటారే అమ్మాయ్. నిండుకుంది అనాలి" అన్నారు.

నిండుకుంది అంటే నిండుగా ఉందని, శుక్రవారం కాబట్టి అలా అనమన్నారని నేను అనుకున్నాను. అందుకే మరో వారంలో ఆవిడ చింతపండు నిండుకుందని చెప్తే మంచిదే కదా అని ఊరుకున్నాను. ఆ రోజు చారులో పులుపు లేదు. మా మామగారు మాత్రం వంక పెట్టకుండా తాగేసి, కొత్త కోడలు చారు బాగా పెట్టిందన్నారు. ఆ మాట తలుచుకుని మా అత్తగారు ఇప్పటికీ నవ్వుతారు.

తర్వాత్తర్వాత నాకు ఆ భాష పట్టుబడింది. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్‌లో పిల్లలకి లెక్కలు చెప్పేదాన్ని కదా, దీన్నీ ఒక లెక్కలాగే నేర్చుకున్నాను. ఈ మాట కనపడితే ఆ అర్థం వేసుకోవాలి, అంతే. అత్తయ్యగారూ అని పిలవమని ఎంత చెప్పినా అత్తమ్మా అనడం మాత్రం మానలేదు. అదొక్కటే నేను గెలిచిన పంతం. ఎల్బీ నగర్ దగ్గర ఈ అపార్ట్‌మెంటుకి మారాక, ఎదురు ఫ్లాటులో ఉండే ఇబ్రహీంపట్నం వైపు ఆమెకి మా అత్తగారి మాటలు విడమరిచి చెప్పేదాన్ని నేనే. ఆ భాషలో నాకు తెలియని మాట లేదని నా ధీమా.

అందుకే "అయిపోయాయి" అని ఆవిడ అనగానే నేను ముందు వేళాకోళం చేశాను. "ఏంది అత్తమ్మా, తథాస్తు దేవతలు సెలవు పెట్టిన్రా?" అన్నాను.

ఆవిడ చెంపలు వేసుకోలేదు. నాలుక కరుచుకోలేదు. ఎవరి గురించి అడుగుతున్నానో తెలియనట్టు నా మొహంలోకి చూసి, "ఎవరే?" అన్నారు. మనిషి ఎదురుగా నిలబడి ఉంది, కళ్ళు తెరిచే ఉన్నాయి, కానీ నన్ను ఇన్నేళ్ళు సతాయించిన మా అత్తగారు ఆ కళ్ళలో లేరు.

అప్పుడు గుర్తుకు రావడం మొదలుపెట్టాయి ఒక్కొక్కటీ. కొన్నాళ్ళుగా ఆవిడ పగలు కూడా నిద్రపోతున్నారు. ఎడమ కాలి చెప్పు హాల్లోనే ఊడిపోయి ఉంటే, ఒంటి చెప్పుతో వరండా దాకా వెళ్తున్నారు. అన్నం కంచంలో పెట్టబోయి పక్కన పెడుతున్నారు. తలనొప్పి అంటే అమృతాంజనం రాశాను. మా ఆయనతో చెప్తే, ఎనభై దాటిన మనిషి, వయసు కాక ఇంకేముంటుంది అన్నారు. నాకూ అదే నిజమనిపించింది. వయసు అనే మాట ఒకటుందిగా, దాని కింద ఏది పెట్టినా పడుతుంది.

ఆ రోజు మాత్రం నేను వినలేదు. బియ్యం మాట ఒక్కటే పట్టుకుని, తల్లీకొడుకులిద్దర్నీ ఆటో ఎక్కించి, ఎప్పుడూ చూపించుకునే దిల్‌సుఖ్‌నగర్ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. గుండె లయ తప్పుతోందని నిరుడు మా అత్తగారికి రక్తం పలచబడే మాత్ర మొదలుపెట్టినప్పుడు, ఈ మాత్ర వేసుకునేవాళ్ళు పడకూడదు, పడితే వెంటనే రావాలని ఆయన మరీ మరీ చెప్పారు. మేము బుద్ధిగా తలలూపాం.

ఆయన ఆవిడ చేతులు పట్టి చూసి, నడిపించి చూసి, అడిగారు. "ఈ మధ్య ఎక్కడైనా పడ్డారా అమ్మా?"

"లేదు నాయనా" అన్నారు మా అత్తగారు.

మా ఆయన లేదండీ అన్నారు. నేను లేదు సార్ అన్నాను. తలకి దెబ్బేమైనా తగిలిందా అని ఆయన మళ్ళీ అడిగారు. మళ్ళీ లేదన్నాం. ముగ్గురం ఒక్క గొంతుతో, దేవుడి మీద ప్రమాణం చేయమంటే చేసేంత గట్టిగా చెప్పాం. ఆయన రక్తంలో సోడియం, షుగరు చూద్దామని పరీక్షలు రాసి, ఏ మాత్రం తేడా కనపడినా ఆగకుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి తల స్కాన్ తీయించమన్నారు. ఇంటికొచ్చి రాత్రి ఆ రక్తం మాత్ర కూడా నేనే నీళ్ళిచ్చి వేయించాను.

మర్నాడు భోజనాల దగ్గర ఆవిడ ఎడమ చేయి కంచం మీదికి రాలేదు. ఒళ్ళో పడి ఉంది, ఎవరిదో చేయి అక్కడ పెట్టి మరిచిపోయినట్టు. "చెయ్యి పైకెత్తండి అత్తమ్మా" అంటే కుడిచేయి ఎత్తి చూపించారు. ఇక ఆగలేదు. ఎదురింటామె లిఫ్టు పట్టుకుని నిలబడింది, మా ఆయన కారు తెచ్చారు, ఎల్బీ నగర్ చౌరస్తా దాటేసరికి నాకు దేవుళ్ళందరూ గుర్తొచ్చారు.

స్కాన్ తీశాక ఒక చిన్నవయసు డాక్టరమ్మ మమ్మల్ని లోపలికి పిలిచింది. తెర మీద మా అత్తగారి తల. పుర్రెకీ మెదడుకీ మధ్య ఒక పక్కంతా నెలవంకలా ఏదో పరుచుకుని ఉంది. అది రక్తమట. నెమ్మదిగా ఊరి, మెదడుని పక్కకి నెట్టేస్తోందట.

"ఇది నిన్న మొన్నటిది కాదమ్మా. కొన్ని వారాల కింద తలకి దెబ్బ తగిలుండాలె. ఎప్పుడు పడ్డరు?" అని అడిగింది డాక్టరమ్మ.

"మా అమ్మ పడలేదండీ" అన్నారు మా ఆయన. ఆయన గొంతులో కాస్త కోపం కూడా ఉంది. ఎన్నిసార్లు చెప్పాలి అన్నట్టు. "శ్రావణమాసంలో అనుకుంటా, ఒకసారి చెప్పుల స్టాండు దగ్గర కూర్చుంది. అంతే."

"కూర్చున్నరు అంటే?" అంది ఆ అమ్మాయి.

సమాధానం చెప్పడానికి నేను నోరు తెరిచాను. ఎదురింటామెకి చెప్పినట్టే చెప్పబోయాను. నిండుకుంది అంటే ఖాళీ అయిందని. కొండెక్కింది అంటే ఆరిపోయిందని. కూర్చుంది అంటే...

గోడ పట్టుకున్నాను. ఇన్నేళ్ళూ వింటున్న మాట అప్పుడు మొదటిసారి విన్నాను.

ఆ శ్రావణ శుక్రవారం పొద్దున నేను స్నానం చేసి వచ్చేసరికి మా అత్తగారు వీధి గుమ్మం లోపల, చెప్పుల స్టాండుకి ఆనుకుని నేల మీద ఉన్నారు. గ్రిల్లుకి తగిలించిన సంచీలోంచి పాల ప్యాకెట్టు తీసుకోవడానికి వెళ్ళారు. పాల ప్యాకెట్టు ఒళ్ళో భద్రంగా ఉంది. ఒక చెప్పు అటు, ఒకటి ఇటు, గుమ్మం పక్కన ఉండే ఖాళీ బిందె దొర్లి ఉంది. నన్ను చూసి నవ్వారు. ఆ నవ్వుకే నేను మోసపోయాను. "ఇదేంది అత్తమ్మా, పండగ పూట చెప్పుల కాడ కూసున్నరు?" అని అడిగితే, "ఏం లేదే, కూర్చున్నా. చెయ్యియ్యి" అన్నారు. చెయ్యిచ్చాను. లేవడానికి నా మోచేయి కాక భుజం కూడా కావాల్సి వచ్చింది. తల వెనక రాసుకుంటూ వెళ్ళి దేవుడి దగ్గర కూర్చున్నారు. నేను ఆ పాలు కాచి కాఫీ కలిపాను. అదీ ఆ రోజు జరిగింది.

అదొక్కటే అయితే ఎలాగో ఓర్చుకునేదాన్ని. డాక్టరమ్మ ముందు నిలబడి ఉండగానే మిగతా కూర్చోవడాలన్నీ వచ్చి మీద పడ్డాయి. తుర్కయంజాల్‌లో పెళ్ళికెళ్ళినప్పుడు ఫంక్షన్ హాలు మెట్ల మీద కూర్చున్నారు. పట్టుచీర కుచ్చిళ్ళు కాలికింద పడ్డాయని, మోకాలు కాస్త గీసుకుందని చెప్పారు. బాత్రూములో బకెట్టు పక్కన కూర్చున్నారు, లోపలి గడియ తీయడానికి ఆవిడకి చాలాసేపు పట్టింది, మేము టీవీ చూస్తున్నాం. కాలనీ పార్కులో కూర్చున్నారు, ఎవరో అమ్మాయి ఇంటిదాకా దిగబెట్టి వెళ్ళింది. ఆవిడ మోకాళ్ళు ఎప్పుడో మాట వినడం మానేశాయి. పీట మీద నుంచి లేవాలంటే ముందు నేల మీద అరచేయి, తర్వాత గోడ, తర్వాత రామా అనే మాట. అలాంటి మనిషి ఎవరైనా బకెట్టు పక్కన సరదాకి కూర్చుంటారా? లెక్కలు చెప్పేదాన్ని, ఇంత చిన్న లెక్క నా కళ్ళముందే ఉంది.

మా ఇంట్లో పడేవి గిన్నెలే. మనుషులు కూర్చుంటారు.

"పడ్డరు మేడమ్" అన్నాను డాక్టరమ్మతో. "కూసున్నరు అంటే పడ్డట్టు. చానాసార్లు పడ్డరు." మా ఆయన నా వైపు చూసిన చూపు నేను మరిచిపోలేను. ఆయనకీ అదే క్షణంలో అర్థమైంది. పుట్టినప్పటి నుంచి వింటున్న మాట కదా, నాకంటే ఆయనకే ఎక్కువ తగిలింది. గోడవారగా ఉన్న స్టూలు మీద కూర్చున్నారు. నిజంగానే కూర్చున్నారు.

వాళ్ళు ఆ రక్తం మాత్ర ఆపేసి, దానికి విరుగుడు ఎక్కించారు. తలకి చిన్న రంధ్రం పెట్టి లోపలి రక్తం తీసేస్తామని, ఈ వయసులో ఏదీ ఖాయంగా చెప్పలేమని అన్నారు. సంతకాలు అయ్యాక ఆవిడని తీసుకెళ్ళిపోయారు. అప్పటికి ఆవిడకి నా పేరు కూడా తెలియడం లేదు. నన్ను చూసి, ఎవరింటి పిల్లో అన్నట్టు, భోంచేశావా అని అడిగారు.

ఇంటి నుంచి బట్టలు తెప్పించడానికి ఎదురింటామెకి ఫోన్ చేశాను. జరిగిన సంగతి చెప్పాను. విని మెల్లగా చెప్పింది. "గా దినం ధన్‌మని సప్పుడైంది అక్కా. నేను జల్ది తలుపు తీసి ఏమైంది పెద్దమ్మా అని అడిగితి. బిందె పడ్డది బిడ్డా, నేను కూర్చున్న అన్నది. జర నవ్వుకుంటనే చెప్పింది. నేనేమనుకుంట?"

ఆసుపత్రి హాల్లో కూర్చుని నాకు వచ్చింది ఏడుపు కాదు, కోపం. ఎవరి మీదో తెలియని కోపం. ఆవిడ అబద్ధం ఆడలేదు. ఆడి ఉంటే తిట్టుకునేదాన్ని. దీపం కొండెక్కిందనేవాళ్ళు అబద్ధం చెప్తున్నారని ఎవరంటారు? అశుభం పలకకూడదని ఒక నియమం పెట్టుకుని, ఆ నియమం చొప్పున ఉన్నదున్నట్టే చెప్పారు. మేమూ ఆ నియమం చొప్పునే విన్నాం. డాక్టరు అడగాల్సిన ప్రశ్న సరిగ్గానే అడిగారు. ముగ్గురం నిజమే చెప్పాం. మనిషి చావు అంచుకి పోయింది. ఇంత నిజాయితీగా ఒక మనిషిని చంపుకోవచ్చని నాకు అప్పటిదాకా తెలియదు. ఆవిడ పోతే ఏ మాట అనాలో కూడా నాకు తెలుసు. దానికీ మా ఇంట్లో ఒక మంచి మాట ఉంది.

ఆపరేషన్ బాగా జరిగిందన్నారు. అయినా మెలకువ వచ్చి మాట్లాడితే గానీ చెప్పలేమన్నారు. ఆ మర్నాడు నన్ను లోపలికి పంపినప్పుడు ఆవిడ తలకి కట్టు, కట్టు కింద ఒక పక్కంతా గుండు. కళ్ళు మూసుకుని కుడిచేత్తో తల తడుముకుంటున్నారు. ఎడమచేయి కూడా కదిలింది. నేను అది చూస్తూ ఉండిపోయాను.

"జుట్టేదే?" అన్నారు.

"మొక్కు చెల్లించినం అత్తమ్మా. సగమే ఇచ్చినం, మిగతాది మీరు నడిచొచ్చి ఇయ్యాలె" అన్నాను.

ఆవిడ కళ్ళు తెరిచి నన్ను చూశారు. చాలాసేపు చూశారు. నన్ను ఎవరనుకుంటున్నారో తెలియలేదు. పేరు అడగడానికి భయమేసింది. తెలియదంటే నేను తట్టుకోలేను. అప్పుడు ఆవిడ పెదాలు తడుపుకుని, ఆ వంటింటి గుమ్మం దగ్గర ఆగిపోయిన మాటని అక్కడి నుంచే అందుకున్నట్టు, "అవునే అమ్మాయ్, బియ్యం నిండుకున్నాయి. తెప్పించావా లేదా?" అన్నారు.

అప్పుడు ఏడ్చాను. నర్సమ్మ వచ్చి బయటికి పొమ్మనేదాకా ఏడ్చాను. నిండుకున్నాయని ఆవిడ అన్నాక నాకు ఇంకే పరీక్షా అక్కర్లేకపోయింది.

ఇంటికి తీసుకొచ్చే ముందు ఇల్లు సర్దడానికి నేనొక్కదాన్నే వచ్చాను. బాత్రూములో పట్టుకోవడానికి కడ్డీలు పెట్టించాలి, జారని పట్టా వేయాలి, చెప్పుల స్టాండు తీసేయాలి. ఎక్కడ కడ్డీ పెట్టించాలా అని చూస్తుంటే గోడ మీద చార కనపడింది. ఆవిడ మంచం దగ్గర మొదలై, హాలు గోడంతా వెళ్ళి, బాత్రూము తలుపు దాకా, నడుముకి కాస్త పైన, నూనె చేతుల నల్ల చార. ఆ చారని నేను ఎరగకపోలేదు. రంగు వేయించిన గోడ పాడుచేస్తున్నారని ఎన్నోసార్లు విసుక్కున్నాను, సబ్బునీళ్ళు పెట్టి తుడిచాను. ఆవిడ గోడ పట్టుకోకుండా ఒక్క అడుగు కూడా వేయడం లేదని ఆ గోడ మాకు రోజూ చెప్తూనే ఉంది. చార మధ్యలో తలుపులు వచ్చిన చోట ఖాళీ ఉంది. ఆ ఖాళీల్లో ఆవిడ ఏం పట్టుకుని దాటేవారో. కడ్డీలు పెట్టేవాడు వస్తే, ఆ చార చూపించి, దీని మీదే పెట్టు అన్నాను.

ఇక మిగిలింది మాట. ఇల్లు మార్చడం తేలికే అయింది, ఆ ఒక్క మాట మార్చడం నా వల్ల కాలేదు.

"ఈసారి పడితే పడ్డా అని చెప్పాలె అత్తమ్మా" అని బతిమాలాను. ఆవిడ చెంపలు వేసుకున్నారు. ఈసారి పడితే అని నువ్వెందుకంటావన్నారు. డాక్టరమ్మ చెప్పిందన్నాను. ఆ పిల్లకేం తెలుసు, చిన్నపిల్ల అన్నారు. కొడుకు కోప్పడితే మంచం మీద అటు తిరిగి పడుకున్నారు. చివరికి నాకు విసుగొచ్చి ఒక నియమం పెట్టాను. ఈ ఇంట్లో కూర్చున్నా అనే మాట మీరు అంటే చాలు, ఎందుకు, ఎక్కడ అని అడగను, అంబులెన్సు పిలుస్తానన్నాను. ఆవిడ సరే అన్నారు.

దాంతో మా ఇంట్లో కొన్నాళ్ళు ఎవరూ కూర్చోలేదు. వచ్చిన చుట్టాలని మా అత్తగారు "కుర్చీలో ఉండండి" అనేవారు. ఒకరోజు నేను క్లాసులోంచి ఫోన్ చేసి, ఏం చేస్తున్నారు అంటే, టీవీ ముందు కూర్చున్నా అని నోరు జారారు. నేను బోర్డు మీద లెక్క సగంలో వదిలేసి మెట్రో ఎక్కి వచ్చాను. తీరా వస్తే ఆవిడ సోఫాలో జంతికలు తింటున్నారు. నేను తిట్టాను. ఆవిడా తిట్టారు. ఇద్దరం కలిసి జంతికలు తిన్నాం. కానీ నవ్వుతున్నానే గానీ నా లోపలి భయం లోపలే ఉంది. రేపెప్పుడో నిజంగా అవసరం వచ్చినప్పుడు ఆవిడ నోట ఆ మాట రాదని నాకు తెలుసు. నవ్వి, చెయ్యియ్యి అంటారు. ఆ ధ్యాసతోనే నిద్రపోయేదాన్ని, లేచేదాన్ని.

మొన్న వేసవిలో ఒక ఆదివారం పొద్దున. మా ఆయన ఊళ్ళో లేరు. ఆవకాయ జాడీ అటక మీద నుంచి దించుదామని వంటింట్లో ప్లాస్టిక్ స్టూలెక్కాను. జాడీ చేతికి అందింది. స్టూలు కాలు వంగింది. తర్వాత నాకు తెలిసింది నేను నేల మీద ఉన్నానని, జాడీ పగిలిందని, తల వెనక గట్టు అంచు తగిలిందని. కుడి మణికట్టు ఉండాల్సిన తీరులో లేదు. హాల్లో నుంచి మా అత్తగారు, "ఏవిటే ఆ చప్పుడు?" అన్నారు.

"ఏం లేదు అత్తమ్మా. జాడీ పడింది. నేను కూర్చున్నా" అన్నాను.

ఆ మాట నా చెవులకే వినపడి నేను బిగుసుకుపోయాను. ఆవిడ కంగారు పడకూడదనో, సిగ్గుతోనో, యాభై ఎనిమిదేళ్ళకే నాకేమిటి అనో, ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. సైదాబాద్ దాన్ని. అంటే గింటే కూసున్న అనాలి. అచ్చంగా ఆవిడ మాటే, ఆవిడ యాసలోనే, నవ్వుతూ అన్నాను.

కడ్డీ మీద ఆవిడ గాజుల చప్పుడు వినపడింది. మెల్లగా, ఆగి ఆగి, వంటింటి గుమ్మం దాకా వచ్చింది. ఆవిడ నన్ను చూశారు, నా చేతిని చూశారు. చెయ్యందిస్తారనుకుని ఎడమచేయి చాచాను. ఆవిడ ఇవ్వలేదు. "కదలకు" అని, వెనక్కి తిరిగి, మళ్ళీ కడ్డీ పట్టుకుని వీధి గుమ్మం వైపు వెళ్ళారు. గ్రిల్లు గడియ తీసిన చప్పుడయింది. తర్వాత, ఇన్నేళ్ళలో నేనెప్పుడూ విననంత పెద్ద గొంతుతో ఆవిడ ఎదురింటి వైపు అరిచారు.

"అమ్మాయ్, తొందరగా రా. మా కోడలు పడ్డది."

పడింది అని కూడా కాదు. పడ్డది అన్నారు, మా వాళ్ళలాగా. ఎదురింటామెకి వెంటనే అర్థం కావాలని కాబోలు. ఆవకాయ మధ్యలో పడి ఉన్న నాకు నొప్పి అప్పుడు తెలిసింది, ఏడుపూ అప్పుడే వచ్చింది.

ఎదురింటామె ఆటో పిలిచి మమ్మల్ని ఎక్కించి, తను ముందు కూర్చుంది. రావొద్దంటే మా అత్తగారు వినలేదు. నా పక్కన కూర్చుని, కొంగు తడిపి నా తల వెనక అద్దుతున్నారు. ఎల్బీ నగర్ చౌరస్తా దగ్గర ఆటో ఆగినప్పుడు నేను, "మరి తథాస్తు దేవతలో అత్తమ్మా?" అన్నాను.

ఆవిడ నా మొహం చూడకుండా, "విననీ" అన్నారు.

దవాఖానలో, స్కాన్ చూపించిన ఆ డాక్టరమ్మే డ్యూటీలో ఉంది. మా అత్తగారిని చూసి గుర్తుపట్టి, ఆవిడకే ఏదో అయిందనుకుని లేచి నిలబడింది. ఏమైంది అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే మా అత్తగారు నా తల చూపించి చెప్పారు.

"పడ్డది. తలకి తగిలింది."